కెమేరా కొనబోయే ముందు

బాగేపల్లి దాటి కొంత దూరం పోతే వచ్చే ఒక పల్లెలో మాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి వున్నది. కచేరీలో కన్నడమూ, పొయ్యి దగ్గర తెలుగూ మాట్లాడుకుంటూ తరతరాలుగా ఈ సీమలోనే స్థిరపడిపోయిన కుటుంబాలలో అదొకటి. ఆ యింటి అవ్వకు పెళ్ళిపాటలు, విసుర్రాయి పాటలు, కైవారం తాతయ్యగారి తత్త్వాలు లెక్కలేనన్ని నోటికి వచ్చేవి. కాగితం మీద పెట్టినది ఒక్కటీ లేదు. కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయిన 2007వ సంవత్సరంలోనే, బెంగుళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆమె మనుమడు, మొదటి జీతాలలో మిగిల్చిన డబ్బుతో ఒక చిన్న వీడియో కెమేరా కొన్నాడు. దసరా సెలవులకు వచ్చి, అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, రెండు రోజులు పాడించి పట్టుకున్నాడు.

అవ్వ నాలుగేండ్లకు పోయింది. కెమేరా అంతకు ముందే మూలపడింది. క్యాసెట్టులు మాత్రం బీరువాలో పట్టుచీరెల కింద భద్రంగా వున్నవి. నిరుడు తన కూతురికి ముత్తవ్వ పాట వినిపించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. తీరా చూస్తే ఆ క్యాసెట్టు ఆడించే యంత్రం ఎక్కడా లేదు. అడిగి అడిగి, చివరికి చిక్కబళ్ళాపురంలో ఒక పాత స్టూడియోవారి దగ్గర పనిచేసేది ఒకటి దొరికింది. మొదటి క్యాసెట్టు చక్కగా నడిచింది. రెండవది పెట్టగానే బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయింది. అప్పగింతల పాట రెండు చరణాలు వినిపించి, మూడవదాని మధ్యలో గొంతు తెగి తెగి, తరువాత ఏమీ లేదు.

కారణం తెలిసిన తరువాత ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజులలో ఒక క్యాసెట్టు ఖర్చు మిగుల్చుకుందామని, గంట క్యాసెట్టులో గంటన్నర పట్టే 'లాంగ్ ప్లే' పద్ధతిలో రెండవది తీశాడట. మామూలు పద్ధతిలో టేపు మీద ఒక్కొక్క గీత వెడల్పు 10 మైక్రాన్లు వుంటుంది. లాంగ్ ప్లేలో అది దాదాపు 6.7 మైక్రాన్లకు తగ్గుతుంది. అంత సన్నని గీతను రాసిన కెమేరా చదివినట్లు మరొక కెమేరా చదవలేదు. రాసిన కెమేరా ఇప్పుడు లేదు. ఖరీదైన కెమేరా కొన్నవాడు క్యాసెట్టు దగ్గర పొదుపు చేశాడన్న మాట.

ఈ సంగతి మా సంఘం కూటమిలో చెప్పుకున్నది మొదలు, "మేమూ మా పెద్దవాళ్ళను పట్టుకోవాలి, ఏ కెమేరా కొనమంటారు? పాతికవేలు చాలునా, లక్ష పెట్టాలా?" అని అడిగేవారు ఎక్కువైనారు. మేము ఈ విద్యలో పండితులం కాము. అయినా చేతులు కాల్చుకొని నేర్చుకున్నది కొంత వున్నది గనుక, అది ఇక్కడ విన్నవిస్తున్నాము.

ముందు కొంచెం పాత కథ చెప్పుకోవాలి. ఇంట్లో కదిలే బొమ్మలు తీసుకోవడమనేది ఒకప్పుడు కలిగినవారి సరదా. కొడక్ కంపెనీ 1965లో తెచ్చిన సూపర్ 8 ఫిల్ము యాభై అడుగుల చుట్ట. మామూలు వేగంతో తీస్తే మూడు నిమిషాల ఇరవై సెకండ్లకు అయిపోయేది. తరువాత పెళ్ళి వీడియోల కాలం వచ్చింది. 1995లో డి.వి. అనే పద్ధతి రావడంతో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన మినీ క్యాసెట్టులో, దాదాపు దూరదర్శన్ బొమ్మకు సరితూగే బొమ్మ మామూలు గృహస్థుల చేతికి వచ్చింది. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఎ.వి.సి.హెచ్.డి. అనే పద్ధతి పెట్టినప్పటి నుంచి టేపు పోయి కార్డు నిలిచింది. 2008లో నికాన్ డి90, కానన్ 5డి మార్క్ 2 వచ్చి, ఫోటోలు తీసే కెమేరాతోనే సినిమా వంటి బొమ్మ తీయవచ్చునని చూపించినవి. ఇప్పుడు ఆ పని జేబులోని ఫోను చేస్తున్నది.

టేపులో ఒక మేలు వుండేది. తీసిన క్యాసెట్టును ఎవరూ పారేయరు, బీరువాలో పెడతారు. కార్డును మాత్రం చెరిపి మళ్ళీ వాడుకుంటాము. ఈ తేడా గుర్తుంచుకోవాలి. దీని దగ్గరికే మళ్ళీ రావలసి వుంటుంది.

ఇక 'ఫార్మాట్' అనే మాట. అంగడిలో దీనిని చెప్పి బెదరగొట్టేవారే గాని విడమరచి చెప్పేవారు తక్కువ. ఇందులో మూడు సంగతులు కలిసి వున్నవి. బొమ్మలో చుక్కలు ఎన్ని, సెకండుకు బొమ్మలు ఎన్ని, వాటిని ఎంత నొక్కి మూట కట్టారు. అంతే.

చుక్కల సంగతి సులువు. పాత డి.వి. బొమ్మలో సుమారు 4 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్.డి.లో 20 లక్షల పైచిలుకు. ఫోర్ కె. అంటే దాదాపు 83 లక్షలు. అవ్వ ముఖం, ఆమె పాట పట్టడానికి ఫుల్ హెచ్.డి. ధారాళంగా చాలునని మా అభిప్రాయం. నాటకం తీసేటప్పుడు మాత్రం ఫోర్ కె.లో ఒక లాభం వున్నది. ఒకే కెమేరాను దూరంగా నిలబెట్టి రంగస్థలం మొత్తం తీసుకుంటే, తరువాత కంప్యూటరులో అందులో నాలుగో వంతు భాగాన్ని కత్తిరించుకున్నా అది ఫుల్ హెచ్.డి.కి సరిపోతుంది. రెండవ కెమేరా ఖర్చు తప్పుతుంది.

మూట కట్టే పద్ధతిని ఇట్లా చెప్పవచ్చు. మండీలో గుమాస్తా రోజూ ఖాతా అంతా మొదటి నుంచి తిరగరాయడు. నిన్నటికీ నేటికీ మారినది మాత్రం రాసి, నడుమ నడుమ ఒకసారి మొత్తం నిలువ తేల్చుకుంటాడు. హెచ్.264, హెచ్.265 అనేవి అటువంటి గుమాస్తాలే. అవ్వ వెనుక గోడ కదలదు గనుక దానిని మళ్ళీ మళ్ళీ రాయవు. ఆమె పెదవులు, చేతులు కదిలినంత మేరకే రాసుకుంటవి. 265 అనేది మరీ పొదుపరి, దాదాపు సగం చోటులో అదే బొమ్మను ఇముడ్చుతుంది. అయితే దాని లెక్క విప్పడానికి పాత కంప్యూటర్లు ఆయాసపడతవి. ఇంట్లో వున్నది ఎనిమిది పదేండ్ల నాటి కంప్యూటరైతే 264నే ఎంచుకోవడం క్షేమం.

ఇప్పుడు చోటు లెక్క చూద్దాము. కెమేరావారు వేగాన్ని మెగాబిట్లలో చెప్తారు, కార్డువారు మెగాబైట్లలో చెప్తారు. ఒకటి రెండవదానికి ఎనిమిదవ వంతు. ఇది తెలియక మోసపోయేవారు చాలామంది. ఫుల్ హెచ్.డి.ని సెకండుకు 28 మెగాబిట్లతో తీస్తే గంటకు సుమారు 12.6 జీబీ అవుతుంది. ఫోర్ కె.ని 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 జీబీ. మన పల్లెలలో కురుక్షేత్రం నాటకం రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారి అయిదు దాకా సాగుతుంది గదా. ఆ ఎనిమిది గంటలకు మొదటి పద్ధతిలో 100 జీబీ, రెండవ పద్ధతిలో 360 జీబీ కావాలి. 64 జీబీ కార్డు మొదటిదానికి అయిదు గంటలు వస్తే, రెండవదానికి గంటన్నర కూడా నిండదు. భీముడు గద ఎత్తే వేళకు కార్డు అయిపోయిందంటే వూరు వూరుకుంటుందా?

కార్డు మీద వి30 అనే గుర్తు వుంటే అది సెకండుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం. పైన చెప్పిన రెండు పనులకూ అది చాలు. అంతకు మించినది కొనడం దండుగ. కాని సంతలో చవకగా దొరికే పేరులేని కార్డు కొనవద్దు. పైన 128 అని అచ్చువేసి లోపల అంత చోటు లేనివి వస్తున్నవి. కొన్న రోజే కార్డు నిండా ఏదో ఒకటి తీసి, కంప్యూటరులో తెరచి చూసుకుంటే గుట్టు బయటపడుతుంది.

సెకండుకు బొమ్మలు ఎన్ని అనేది చాలామంది పట్టించుకోని విషయం. మేము దెబ్బతిన్నది ఇక్కడే. చింతామణిలో మాకు తెలిసిన నాటక బృందం ఒకటి రాత్రిపూట అభ్యాసం చేస్తుంటే రెండు ఫోన్లు పట్టుకొని వెళ్ళాము. పాత ట్యూబులైట్ల వెలుతురు. మొదటి ఫోనులో తీసింది చూస్తే దుర్యోధనుని కిరీటం మొదలు పాదాల దాకా నల్లని పట్టెలు మెల్లగా పైకి పాకుతున్నవి. భీముడి వేషం వేసే పెద్దాయన భుజం మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, నా మొగం మీద ఈ గీతలేందప్పా? గదతో కొట్టినా పోయేట్లు లేవే!" అన్నాడు. అందరూ నవ్వినారు గాని మాకు తల కొట్టేసినట్లయింది.

సంగతేమంటే, మన దేశంలో కరెంటు సెకండుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందువల్ల ట్యూబులైటు సెకండుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. మన కంటికి అది తెలియదు, కెమేరాకు తెలుస్తుంది. అమెరికాలో కరెంటు 60 లెక్కన నడుస్తుంది గనుక, చాలా ఫోన్లు అక్కడి అలవాటు ప్రకారం సెకండుకు 30 బొమ్మలుగా అమర్చి వస్తవి. మన దగ్గర 25 బొమ్మలు పెట్టుకొని, షట్టరు సెకండులో 50వ వంతుగా నిలిపితే దీపంతో లెక్క కుదురుతుంది, పట్టెలు మాయమవుతవి. 30 బొమ్మలు తప్పనిసరి అయినా షట్టరు 50వ వంతో 100వ వంతో వుంటే బాధ తీరుతుంది. రెండవ ఫోనులో అట్లా పెట్టి తీసేసరికి భీముడి ముఖం కడిగిన ముత్యంలా వచ్చింది. ఐఫోనులో కెమేరా అమరికలలో 'పాల్' అనే మీట నొక్కితే 25 వస్తుంది. మిగతా ఫోన్లలో అన్నిటికీ ఈ సౌకర్యం వుండదు. బ్లాక్‌మ్యాజిక్ కంపెనీవారు 2023లో ఐఫోనుకు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఉచితంగా ఇచ్చిన కెమేరా యాప్‌లో షట్టరు, బొమ్మల సంఖ్య రెండూ మన చేతిలో వుంటవి.

ఫోన్లతో మరొక చిక్కు కూడా వున్నది. వెలుతురు తగ్గితే అవి తమంతట తామే సెకండుకు బొమ్మల సంఖ్య మార్చేస్తవి. ఫోనులో చూసినంతవరకు బాగానే వుంటుంది. కంప్యూటరులో పెట్టి కూర్చుకునేటప్పుడు మాత్రం పాట ముందూ పెదవి వెనుకా అవుతుంది. పైన చెప్పిన యాప్ వంటిది వాడితే ఇదీ చాలావరకు తప్పుతుంది.

ఇంతకూ ఏది కొనాలి?

2021లో నెట్‌ఫ్లిక్సులో వచ్చిన 'సినిమా బండి' చాలామంది చూసే వుంటారు. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో వచ్చిన చిత్రం. ఆంధ్ర కర్ణాటకల పొలిమేర పల్లెలో ఒక ఆటోడ్రైవరుకు తన బండిలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమేరా దొరుకుతుంది. దానితో వూరివాళ్ళను పెట్టి సినిమా తీయబోతాడు. అందులో మాట్లాడే యాస మన ఇళ్ళలోని మాటకు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. అయితే కెమేరా వూరికే దొరికినా వాళ్ళ అవస్థ ఏమీ తగ్గదని ఆ కథ చూసినవారికి తెలుసు. మనకు ఆటోలో కెమేరా దొరకదు. కనుక వున్న డబ్బును పంచుకొనే తీరు ముఖ్యం.

పదివేల లోపు ఖర్చుపెట్టగలవారు కెమేరా కొననే వద్దు. ఇంట్లో వున్న ఫోనులలో మంచిది ఎంచుకోండి. ఒక ముక్కాలిపీట, అంటే ట్రైపాడు, ఒక కాలరు మైకు కొనండి. బొమ్మ కొంచెం మసకగా వున్నా జనం క్షమిస్తారు. మాట వినపడకపోతే ఎవరూ కూర్చోరు. ఫోనులోని మైకు ఆరడుగుల దూరం నుంచి అవ్వ గొంతుతోపాటు కోళ్ళనూ, మిక్సీనీ, రోడ్డు మీది లారీనీ సమానంగా పట్టుకుంటుంది. కాలరు మైకు గొంతుకు జానెడు కింద వుంటుంది. మైకు కొనేటప్పుడు జాక్కు చూసుకోవాలి. దాని మీద నల్లని గీతలు రెండు వుంటే కెమేరాకు, మూడు వుంటే ఫోనుకు. కొత్త ఫోన్లలో గుండ్రని రంధ్రమే వుండదు, ఛార్జరు పెట్టే చోటనే మైకు పెట్టాలి. మేము ఒకసారి రెండు గీతల మైకును ఫోనుకు తగిలించి, గంటసేపు తీసి, ఇంటికి వచ్చి వింటే అందులో వున్నది ఫోను సొంత మైకు పట్టిన కోళ్ళ కూతే.

లక్షలోపు పెట్టగలవారికి, ముఖ్యంగా నాటకాలు, ఉత్సవాలు, సంఘం కార్యక్రమాలు తీయదలచినవారికి, లెన్సు మార్చే చిన్న కెమేరాలు వున్నవి. 2021లో వచ్చిన సోనీ జెడ్.వి. ఇ10, 2023లో వచ్చిన కానన్ ఆర్50 అటువంటివి. వీటి లోపలి సెన్సారు ఫోనుదానికంటే చాలా పెద్దది గనుక రాత్రి దీపాల వెలుతురులో బొమ్మ నిబ్బరంగా వుంటుంది. రెండింటికీ మైకు రంధ్రం వున్నది. సోనీదానికి చేతి వణుకును లోపల సెన్సారే సర్దుకొనే ఏర్పాటు లేదు, ముక్కాలిపీట తప్పదు. కానన్‌ది ఒక గంట తీసి ఆగిపోతుంది, మళ్ళీ నొక్కాలి. పాత కెమేరాలు చాలావాటిలో ఇరవై తొమ్మిది నిమిషాలకే ఆగిపోయే ఆంక్ష వుండేది. అది యంత్రం లోపం కాదు. అరగంట మించి తీసేదానికి యూరపులో వీడియో కెమేరా కింద ఎక్కువ సుంకం వేసేవారు గనుక కంపెనీలు ముందే కత్తెర పెట్టినవి. సెకండ్ హ్యాండులో కొనేవారు ఈ సంగతి అడిగి మరీ కొనాలి.

పాత హ్యాండీకామ్‌లను చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. మాకు అది సరికాదనిపిస్తుంది. గంటల తరబడి వేడెక్కకుండా తీయడానికే అవి పుట్టినవి. కరెంటు తీగ తగిలించి, ఒక్క లెన్సుతోనే మేకప్పు గది నుంచి రంగస్థలం చివరి దాకా లాగవచ్చు. కార్డు మీద రాసే హ్యాండీకామ్, మైకు రంధ్రం వున్నది, తక్కువ ధరకు దొరికితే నాటకానికి అదే మేలు. చీకటిలో బొమ్మ కొంచెం గరుకుగా వస్తుంది, ఓర్చుకోవాలి. టేపుదైతే ఎంత చవకగా ఇచ్చినా కొత్తగా తీయడానికి కొనవద్దు. ఇంట్లో పాత క్యాసెట్టులు వున్నవారు మాత్రం వాటిని ఆడించుకోవడానికి కొనవచ్చు. గంట క్యాసెట్టు కంప్యూటరులోకి ఎక్కాలంటే గంట పడుతుంది, ఆ తీగ పెట్టే రంధ్రం కొత్త కంప్యూటర్లలో లేదు. అయినా ఆలస్యం చేయవద్దు. యంత్రాలు ఏటికేడు తగ్గిపోతున్నవి.

'లాగ్', 'రా' అనే పేర్లతో రంగులు తరువాత దిద్దుకొనే పద్ధతులు కొన్ని కెమేరాలలో వుంటవి. కుర్రవాళ్ళకు వీటి మీద మోజు. దిద్దడం వచ్చినవారికి బాగుంటుందేమో గాని, చవక కెమేరాలో అట్లా తీసి దిద్దబోతే అవ్వ ముఖం పసుపు పూసిన గోడలా మెట్లు మెట్లుగా తయారవుతుంది. మామూలు రంగులలోనే తీసుకోండి. వెలుతురు తనంతట తాను మారకుండా, ఫోనులో ముఖం మీద వేలు గట్టిగా నొక్కి పట్టి బిగించుకుంటే సగం దోషాలు పోతవి.

ఖర్చు లెక్కలో ఎవరూ రాసుకోనిది ఇంకొకటి వున్నది. అది తీసినదాన్ని దాచుకోవడం. కార్డు చెరిపే ముందు రెండు హార్డుడిస్కులలో వుండాలి. ఒకటి మన ఇంట్లో, రెండవది మరొకరి ఇంట్లో. మూడవ ప్రతి ఇంటర్నెట్టు నిలువలో వుంటే ఇంకా మంచిది. వాట్సాప్‌లో పంపిన ప్రతిని ప్రతి అనుకోవద్దు, అది నలిగిపోయి వుంటుంది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు పాడినవారి పేరు, వూరు, తేదీ రాయండి. తీయడం మొదలుపెట్టగానే వారి చేతనే ఆ మూడూ చెప్పించండి. పాతికేండ్ల తరువాత 'అవ్వ' అంటే ఎవరి అవ్వ అని అడగవలసిన అవసరం వుండదు.

ఇక బాగేపల్లి అవ్వ సంగతి. ఆమెకు చింతామణిలో మెట్టిన చెల్లెలు ఒకామె వున్నది, ఎనభై దాటినవి. మనుమడు మంచి కెమేరాకు డబ్బు కూడబెడుతున్నాడు, వచ్చే ఉగాదికి కొని అప్పుడు చిన్నవ్వను పాడిస్తానన్నాడు. మేము వద్దన్నాము. పోయిన నెల ఒక ఆదివారం ఆయన ఫోనే పట్టుకొని వెళ్ళాము. ముక్కాలిపీట మాది, మైకు కొత్తగా కొన్నది. ఫుల్ హెచ్.డి., 25 బొమ్మలు, షట్టరు 50వ వంతు. ఫ్యాను ఆపించి, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాము.

చిన్నవ్వ ముందు మైకు వంక చూసి, "ఇది నల్లిమాదిరి వుందే, కుట్టదు గదా?" అన్నది. తరువాత అప్పగింతల పాట అడిగితే మూడవ చరణం అందుకుని, నాలుగు, అయిదు కూడా పాడింది. అయిదవది అక్క ఎప్పుడూ పాడేది కాదట. "ఆ మాట వస్తే మా యక్కకు ఏడుపొచ్చేదప్పా, అందుకని వదిలేస్తా వుండె" అన్నది. పాట, ఈ మాటలు, మధ్యలో ఎవరో తలుపు కొట్టిన చప్పుడు అన్నీ కలిసి నలభై నిమిషాలు, ఎనిమిదిన్నర జీబీ వచ్చింది. అదే సాయంత్రం రెండు డిస్కులకు ఎక్కించాము. తాతయ్యగారి తత్త్వాలు ఇంకా చాలా వున్నవట. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నది, పొద్దున్నే వస్తే గొంతు బాగుంటుందని చెప్పింది.